చెయ్యి చాపితే అందేలా వంటిల్లు సర్దుకోవడం

మా వంటింట్లో సర్దుడు ఒక మాడిన పోపుతో మొదలైంది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడుతున్నాయి, మెంతులు వేశాను, ఎండుమిరపకాయలు తుంచి వేశాను, కరివేపాకు కోసం చెయ్యి చాపితే లేదు. ఫ్రిజ్‌లో ఉంది, ఆ ఫ్రిజ్ హాల్లో ఉంది. వెళ్లి తలుపు తీసి, కింద అర లాగి, కవరు ముడి విప్పి రెండు రెబ్బలు తెచ్చేసరికి మెంతులు నల్లగా మాడిపోయాయి, మిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదికీ దగ్గు పట్టుకుంది. మళ్లీ చేసే టైమ్ లేక ఆ చేదు పప్పే పిల్లల క్యారేజీల్లో పెట్టి పంపాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. నేను పొద్దున్న ఏడున్నర బస్సు అందుకోవాలి, ఈలోపు టిఫిను, క్యారేజీలు, అత్తయ్యగారికి మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఓ కూర అయిపోవాలి. ఆ సాయంత్రం అత్తయ్యగారు పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "అమ్మాయ్, నువ్వు వండేదానికన్నా నడిచేదే ఎక్కువైపోతోందే. ఒక్క పప్పుకి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగావో చూసుకున్నావా?" అన్నారు. నేను చూసుకోలేదు. మర్నాడు ఆవిడే లెక్కపెట్టారు.

ముందు అడుగుల లెక్క

సర్దడం మొదలుపెట్టేముందు ఈ ఒక్కటీ చెయ్యండి. కొత్త డబ్బాలు కొనకండి, అలమరలు ఖాళీ చెయ్యకండి. ఒక పూట మామూలుగా వంట చేసుకోండి, ఇంట్లో ఇంకొకర్ని సుద్దముక్కతో గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. ఫ్రిజ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత, సింక్‌కి ఒక గీత, దూరపు అలమరకి ఒక గీత, వంగి కింద అరలోంచి తీసినప్పుడు ఒక గీత, పీటెక్కి పైనుంచి దింపినప్పుడు ఒక గీత. ఎవరూ దొరక్కపోతే ఫోన్‌ని కిటికీలో నిలబెట్టి వీడియో తీసుకుని రాత్రి చూసుకోండి. నాకు గీతలు ఎక్కువ పడింది ఫ్రిజ్‌కి, ఆ తర్వాత ఉప్పుకి. ఉప్పు జాడీ తరతరాలుగా తలుపు పక్క గూట్లో ఉంది, స్టవ్ దానికి ఎదురుగోడకి ఉంది. కట్టెల పొయ్యి ఆ తలుపు పక్కన ఉన్న రోజుల్లో ఉప్పు అక్కడ పెట్టారు, పొయ్యి చోటు మారినా ఉప్పు మారలేదు. మీ వంటింట్లోనూ ఇలాంటివి రెండు మూడు దొరుకుతాయి చూడండి.

ఇలా అడుగులు లెక్కపెట్టి వంటిల్లు కట్టడం వందేళ్ల కిందటే జరిగింది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కట్టే కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఒక వంటిల్లు గీశారు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంటే ఆరడుగులకి కాస్త పైన వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, అంతే. పప్పుదినుసులకి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు. అలాంటివి పదివేల దాకా కట్టారు. నాకు ఆవిడ పద్ధతి చాలా నచ్చుతుంది కానీ మనకి యథాతథంగా పనికిరాదు. ఆ వంటిల్లు ఒక్క మనిషి పని చేసుకోడానికి సరిపోతుంది. మన ఇళ్లలో ఒకరు స్టవ్ దగ్గర నిలబడితే ఇంకొకరు కింద కత్తిపీట వేసుకుంటారు, పండగ వస్తే ఆడపడుచో తోడికోడలో పిండి కలుపుతుంటుంది. అందుకని అడుగులు తగ్గించుకోవాలి కానీ ఇద్దరు ఒకరినొకరు తోసుకోకుండా కదిలే చోటు వదులుకోకూడదు. గట్టుకీ ఎదుటి అలమరకీ మధ్య మూడున్నర అడుగులు తగ్గితే మాత్రం ఒకరు వంగినప్పుడు ఇంకొకరు ఆగిపోవాల్సి వస్తుంది.

వస్తువుల్ని జాతివారీగా కాకుండా పనివారీగా పెట్టడం

చాలామంది సర్దేటప్పుడు స్టీల్ డబ్బాలన్నీ ఒకచోట, గిన్నెలన్నీ ఒకచోట, గరిటెలన్నీ ఒకచోట పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేనూ పన్నెండేళ్లు అలాగే పెట్టాను. వంట మాత్రం ఆ వరసలో నడవదు. అన్నం వండాలంటే బియ్యం, కొలిచే సోల, కడిగే గిన్నె, నీళ్లు కావాలి, ఇవన్నీ ఒకచోట ఉంటే రెండు నిమిషాల్లో కుక్కర్ ఎక్కేస్తుంది. కాబట్టి బియ్యం డబ్బా సింక్ కిందో పక్కనో, తడి తగలకుండా చెక్క పీట మీద ఉండాలి, సోల ఆ డబ్బాలోనే ఉండాలి, కుక్కర్ గిన్నెలు దాని పై అరలో ఉండాలి. బియ్యంతోపాటు కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు కూడా కడిగేవే కాబట్టి వారానికి సరిపడా చిన్న డబ్బాలు అక్కడే పెట్టండి. చింతపండు కూడా అక్కడే. వంటింట్లోకి అడుగుపెట్టగానే నేను మొదట చేసే పని చింతపండు నానెయ్యడం, ఎందుకంటే చారుకైనా పులుసుకైనా తరవాత అన్నీ దానికోసమే ఆగుతాయి.

తరిగే చోటు సింక్‌కీ స్టవ్‌కీ మధ్య ఉండాలి, కడిగినవి ఇటు వచ్చి, తరిగినవి అటు పోతాయి. అక్కడ కనీసం రెండడుగుల గట్టు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. మా గట్టు మీద మిక్సీ, వాటర్ ఫిల్టర్, బిస్కెట్ డబ్బాలు, పూలసజ్జ అన్నీ కొలువుండేవి, నేను చేటంత చోటులో ఉల్లిపాయలు తరిగేదాన్ని. రోజూ రెండుసార్లు వాడే వస్తువైతేనే గట్టు మీద ఉండాలని నియమం పెట్టుకున్నాక మిక్సీ ఒక్కటే మిగిలింది, అదీ స్విచ్ బోర్డు ఉన్న మూలకి జరిగింది.

అత్తయ్యగారి తరుగుడు చోటు వేరు, ఆవిడకి కత్తిపీటే అలవాటు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చోటు కూడా మీ చోటంత శ్రద్ధగా సర్దండి. గోడకి ఆనుకునేలా ఒక పీట, కుడిపక్క చేతికందేలా కూరగాయల బుట్ట, ఎడంపక్క తొక్కలకి ఒక పళ్లెం, ముందు నీళ్లగిన్నె. కంద, పనసపొట్టు, అరటిపువ్వు లాంటివి చాకుతో నేను గంట పట్టేది ఆవిడ కత్తిపీట మీద పావుగంటలో ముగిస్తారు. పని అయ్యాక కత్తిపీట మడిచి, పదును గోడవైపు పెట్టి, పిల్లల చేతికి అందని చోట ఉంచాలి, ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు. కొబ్బరి కోరే పీట కూడా అంతే.

గట్టు ఎత్తు గురించి రెండు ముక్కలు. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి మడవండి, మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కిందకి గట్టు ఉంటే తరగడానికి హాయిగా ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి తన ఎత్తుకి కట్టేస్తాడు, వండేవాళ్లని అడిగేవాళ్లుండరు. ఎత్తు ఎక్కువైతే తరిగే చోట కింద ఒక వెడల్పాటి, కదలని చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడండి. తక్కువైతే తరిగే పలక కింద ఇంకో మందపాటి పలక వెయ్యండి. భుజం నొప్పి, నడుం నొప్పి వంట వల్ల అనుకుంటాం, సగం ఆ ఎత్తు వల్లే.

స్టవ్ చుట్టూ

అన్నిటికన్నా జాగ్రత్తగా సర్దాల్సింది ఇక్కడే, ఎందుకంటే మిగతాచోట్ల ఆలస్యమైతే టైమే పోతుంది, ఇక్కడ ఆలస్యమైతే కూర పోతుంది. స్టవ్ ముందు నిలబడి కాలు కదపకుండా రెండు చేతులూ చాపండి, ఆ చేతులు తిరిగినంత మేర మీ అసలు వంటిల్లు. అందులో ఉండాల్సినవి పోపుల డబ్బా, నూనె, ఉప్పు, కారం, పసుపు, రెండు గరిటెలు, అట్లకాడ, పట్టకారు, మసిగుడ్డ, లైటర్. కుడిచేతివాటం అయితే ఇవన్నీ కుడిపక్క, ఎడంపక్క ఒక కళాయి దింపుకునేంత ఖాళీ. ఆ ఖాళీలో ఎప్పుడూ ఒక చెక్క కుదురో ఇనప స్టాండో ఉంచండి, వేడి గిన్నె చేతిలో పట్టుకుని చోటు వెతుక్కోకూడదు. మంటకి సరిగ్గా పైన గోడ మీద ఏ అరా పెట్టకండి. ఉడికే గిన్నె మీదుగా చెయ్యి చాపి డబ్బా తియ్యడం, పైటచెంగు మంట మీదకి జారడం, ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి.

పోపుల డబ్బా నేను ఎలా సర్దుతానో చెప్తాను. గుండ్రటి స్టీల్ డబ్బా, లోపల ఏడు గిన్నెలు. మధ్య గిన్నెలో ఆవాలు, ఎందుకంటే అవి లేని పోపు లేదు. చుట్టూ ఉన్న ఆరింట్లో గడియారం ముల్లు తిరిగే వైపుగా, నూనెలో ముందు పడేదాన్నుంచి చివర పడేదాకా వరసగా శనగపప్పు, మినప్పప్పు, మెంతులు, జీలకర్ర, వెల్లుల్లి రెబ్బలు, తుంచిపెట్టిన ఎండుమిరపకాయలు. శనగపప్పు వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, జీలకర్ర వెంటనే మాడుతుంది, కాబట్టి చెయ్యి ఒక పక్కనుంచి వరసగా తిరిగితే చాలు, తెల్లవారుజామున నిద్రమత్తులో ఉన్నా వరస తప్పదు. ఇంగువ వాసన మిగతావాటికి పట్టేస్తుంది కాబట్టి దానికి బిగుతు మూతున్న వేరే చిన్న డబ్బా. పసుపు, కారం చాలామంది ఇందులోనే పెడతారు కానీ నాకు నచ్చదు. ఆవిరి తగిలి గడ్డలు కడతాయి, పొడి ఎగిరి జీలకర్రలో పడుతుంది. వాటికి స్టవ్‌కి ఒక జానెడు దూరంలో వేరే సీసాలు, ఒక్కోదాంట్లో దాని చెంచా దానికే. కొట్లో కలిపి అమ్మే పోపుగింజలు తేలిక అనిపిస్తాయి కానీ శనగపప్పు వేగేలోపు జీలకర్ర నల్లబడుతుంది, చారులోకైతే సరే, పులిహోరకీ పచ్చడికీ వాటిని వాడను.

ఇక ఆ కరివేపాకు. పెరట్లో చెట్టుంది, అయినా ఫ్రిజ్‌లో దాచేదాన్ని, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు రాత్రి పడుకునేముందు ఒక రెమ్మ కోసి, కడిగి, గాజు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి కాడ మునిగేలా స్టవ్ పక్కన నిలబెడుతున్నాను. చెట్టు లేనివాళ్లు కొన్న కట్ట కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, ఆకులు దూసి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఒక పూటకి సరిపడా రాత్రే చిన్న గిన్నెలోకి తీసి స్టవ్ పక్కన పెట్టుకోండి.

గ్యాస్ బండ ఎప్పుడూ నిలువుగా, స్టవ్ కన్నా కింద ఉండాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది, అందుకని బండ పెట్టే అరకి కిందిభాగంలో గాలి పోయే చిల్లులు ఉండాలి. చాలా ఇళ్లలో ఆ అరలోనే పాత పేపర్లు, ఉల్లిపాయల బస్తా, ఖాళీ సీసాలు కుక్కేస్తారు, రెగ్యులేటర్ కట్టెయ్యాలంటే చెయ్యి దూరదు. దాని ముందు ఏమీ పెట్టకండి. నారింజరంగు సురక్షా గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి, తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది, ఇప్పుడే వెళ్లి చూసి రండి.

చెమ్మతో మన పోరు

ఎండ ప్రాంతాలవాళ్లు చెప్పే సర్దుడు పద్ధతులు మన డెల్టాలో సగమే పనిచేస్తాయి, ఎందుకంటే మనకి కాలవలు, చేలు, కొబ్బరితోటలు, సముద్రపు గాలి, నాలుగు నెలల వాన. ఇక్కడ అందంగా పేర్చిన గాజుసీసాలు ఆగస్టు వచ్చేసరికి గడ్డకట్టిన పొడులతో నిండిపోతాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తానే నీరు కారడం మొదలుపెడుతుంది. ముసురు పట్టిన రోజు మా ఉప్పు జాడీ మూత తీస్తే అంచు చుట్టూ సన్నటి నీటిచుక్కలు, పైపొర మెరుస్తూ, చెంచా గుచ్చితే తడి ఇసకలో దిగినట్టు దిగేది. స్టీల్ డబ్బాలో పోస్తే నెల తిరక్కుండా అడుగున తుప్పు మచ్చలు, తర్వాత చిల్లులు. ఉప్పుకి పింగాణీ జాడీయో గాజు సీసాయో మంచి ప్లాస్టిక్ డబ్బాయో తప్ప స్టీల్ వద్దు. కొద్దిగా బియ్యం వేయించి, చల్లారాక పల్చటి గుడ్డలో మూటకట్టి ఉప్పు మధ్యలో పెట్టండి, మెత్తబడగానే మార్చండి.

అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఏంటంటే, ప్రతి సరుకుకీ రెండు డబ్బాలు. స్టవ్ దగ్గర వారానికి సరిపడా చిన్నది, లోపలి గదిలో పొడి గోడకి పెద్దది. పెద్దది వారానికి ఒక్కసారే, అదీ ఎండ కాసిన పూట, పొడి చేతులతో తెరవాలి. ఏడాదికి కొట్టించిన కారం నేను రోజూ తెరిచే డబ్బాలో పోసి ఒక ఏడాది మొత్తం పాడుచేసుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మా ఇంట్లో కారం జాడీలో రెండు ఇంగువ పలుకులు వేసి, మూత మీద గుడ్డ కట్టి పెడతాం. కందిపప్పు, పెసలు, మినుములు కొన్న వెంటనే డబ్బాలో పొయ్యకండి, చేటలో పోసి ఒకపూట మంచి ఎండలో పెట్టి, నీడకి తెచ్చి పూర్తిగా చల్లారాకే పోసి మూత పెట్టండి. వేడిమీద మూత పెడితే లోపల చెమటపట్టి ఎండబెట్టిన పుణ్యమంతా పోతుంది. ఎక్కువ రోజులు ఉంచే కందిపప్పుకి కొంచెం ఆముదం పట్టించి ఆరబెడితే పురుగు దరిచేరదు, వండేముందు కడుగుతాం కాబట్టి రుచి మారదు. రవ్వ, శనగపిండి, మైదా లాంటివి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే అందులో కంటికి కనిపించని గుడ్లు చస్తాయి, కవరు గది వేడికి వచ్చాకే విప్పండి, లేదంటే తడి పట్టేస్తుంది. వానాకాలంలో బెల్లం కారిపోతుంది, చీమలు వరసకడతాయి, దాన్ని కొట్టి బిగుతు మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. పంచదార డబ్బాని మాత్రం ఒక వెడల్పాటి నీళ్ల పళ్లెంలో పెడితే చాలు.

అరల్లో న్యూస్ పేపరు పరిచే అలవాటు వానాకాలంలో మానెయ్యండి. కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, దాని కింద బొద్దింకలు గుడ్లు పెడతాయి. పలకలు, అప్పడాల కర్ర, పప్పుగుత్తి లాంటి చెక్క సామాను కడిగి పడుకోబెడితే రెండ్రోజుల్లో బూజు, నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి. బయటిగోడకి ఆనుకున్న అలమరలో డబ్బాలు గోడకి తగలకుండా రెండు వేళ్ల సందు వదలండి. మసిగుడ్డలు కనీసం నాలుగు ఉండాలి, రోజుకొకటి ఉతికి ఎండకి వెయ్యాలి.

నీచు వేరు

గోదావరి జిల్లాల్లో వంటిల్లు సర్దుకోవడం గురించి రాస్తూ చేపల మాట చెప్పకపోతే ఎలా. శాకాహారం తప్ప తెలియని ఇళ్లవాళ్లు ఈ భాగం వదిలెయ్యొచ్చు. చేప, రొయ్య శుభ్రం చెయ్యడం పెరట్లోనే, అక్కడే ఒక బల్ల, ఒక కుళాయి, ఒక కత్తిపీట, ఉప్పు, పసుపు డబ్బాలు, చిల్లుల గిన్నె. వీటిని ఒక బుట్టలో పెట్టి పెరటి గుమ్మం దగ్గర వేలాడదీస్తే చేపలమ్మి వచ్చిన రోజు వంటింట్లోకి పదిసార్లు నీచు చేతులతో రానక్కర్లేదు. పులుసు దాక, వేపుడు పెనం, గరిటె కూడా వేరుగా ఒకే అరలో ఉంచండి. మట్టి దాకని సబ్బుతో కడగొద్దు, అది సబ్బుని పీల్చుకుంటుంది, శనగపిండితోనో బియ్యం కడుగు నీళ్లతోనో కడిగి బోర్లించి పూర్తిగా ఎండాక సర్దండి. వానాకాలంలో, పులసలు వచ్చే రోజుల్లో, ఆ దాక రోజు విడిచి రోజు వాడతాం కాబట్టి కిందకి దింపుతాం, శీతాకాలంలో పైకి పెట్టేస్తాం.

రాత్రి పది నిమిషాలు

పొద్దుట వంట త్వరగా అవ్వాలంటే పొద్దుట చేసే సర్దుడు ఏమీ ఉండకూడదు. నేను రాత్రి గట్టు తుడిచాక, మర్నాటి కూర ముక్కలు తరిగి డబ్బాలో ఫ్రిజ్‌లో పెడతాను. బెండకాయలు కడిగి ఆరబెట్టి తరిగితే జిగురు రాదు, వంకాయలు మాత్రం పొద్దునే తరగాలి, నల్లబడతాయి. కొబ్బరి కోరు వారానికి ఒకసారి రెండు కాయలు కోరి, పచ్చడికి ఒకసారికి సరిపడా ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెడతాను. క్యారేజీ గిన్నెలు మూతలు తీసి వరసగా గట్టు మీద పరిచి ఉంచుతాను, మూత వెతుక్కునే టెన్షన్ పోతుంది. గిన్నెకీ దాని మూతకీ ఒకే నెంబరు నెయిల్ పాలిష్‌తో రాసుకోండి, ఇది మా చిన్నమ్మాయి ఆలోచన.

మంచినీళ్ల బిందె, ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక కుళాయికి ధార సన్నబడే రోజుల కోసం ఒక మూతున్న డ్రమ్ము, సింక్ పక్కనే ఉండేలా ముందే చోటు చూసుకోండి. లేకపోతే వేసవంతా బిందెలు మోసుకుంటూ వండాలి.

అటక మీదవి, వరదొస్తే దింపనక్కర్లేనివి

అరిసెల చెక్కలు, జంతికల గొట్టం, పెద్ద మూకుడు, జల్లిగరిటె ఏడాదికి ఒకసారే, సంక్రాంతికే కావాలి. వాటిని ఒకే గోనెసంచిలో కట్టి, సంచికి 'సంక్రాంతి' అని రాసిన అట్టముక్క తగిలించండి. ఆవకాయ రోజుకి కావాల్సిన వెడల్పాటి బేసిను, కాయలు కొట్టే కత్తి, తుడిచే గుడ్డలు ఇంకో సంచి. అటక మీద ఏ మూల ఏముందో ఒక కాగితం మీద రాసి అలమర తలుపు లోపలివైపు అంటించండి. పెళ్లికి వచ్చిన పేర్లు చెక్కిన స్టీల్ గిన్నెలు ఇరవయ్యో ముప్పయ్యో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, పారెయ్యమని నేను చెప్పను, వాటి వెనక మనుషులున్నారు. కానీ రోజువారీ అరల్లో వాటికి చోటివ్వకండి. నలుగురున్న ఇంటికి రెండు కళాయిలు, ఒక పెనం, రెండు కుక్కర్లు, నాలుగైదు గిన్నెలు చాలు. ఏడాదిగా చెయ్యి తగలని ప్రతిదీ పైకి.

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్లకి ఇంకో మాట. 1986 ఆగస్టులోనూ 2022 జూలైలోనూ గోదావరి ఏంచేసిందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే కింద అరలు ఖాళీ చేసే హడావిడి ఉండకూడదంటే, ఆ అరల్లో ముందునుంచీ గిన్నెలు, కుక్కర్లు లాంటి నీళ్లలో నానినా కడుక్కునేవే ఉండాలి. పప్పులు, పిండి, కారం, పచ్చళ్లు నడుం ఎత్తుకి పైనే ఉంటే అర్ధరాత్రి జాడీలు మోసే పని ఉండదు. పది రోజులకి సరిపడా బియ్యం, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పిల్లలకి పాలపొడి ఒక మూతున్న ప్లాస్టిక్ టబ్బులో అటక మీద పెట్టి, జూన్‌లో ఒకసారి తేదీలు చూసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టవ్ చుట్టూ చేతులు తిరిగినంత మేర మాత్రమే సర్దండి, మిగతా ఇల్లు ముట్టుకోకండి. వారం వండి చూసి, చెయ్యి ఏ వస్తువు కోసం ఇంకా వెతుక్కుంటోందో గమనించి, దాన్ని మార్చండి. వంటిల్లు మొత్తం ఒక్కరోజులో తిరగేస్తే మర్నాడు ఇంట్లోవాళ్లందరూ ఉప్పెక్కడ, గరిటెక్కడ అని మిమ్మల్నే పిలుస్తారు. మా ఇంట్లో పూర్తవడానికి దసరా నుంచి సంక్రాంతి దాకా పట్టింది. అత్తయ్యగారు ఇంకా అప్పుడప్పుడూ ఉప్పు కోసం ఆ పాత గూటివైపే చెయ్యి పెడతారు, అందుకని అక్కడ కూడా ఒక చిన్న గిన్నెలో ఉప్పు పెట్టాను. గ్లాసులో పెట్టిన కరివేపాకుకి మాత్రం రోజూ నీళ్లు మార్చండి, లేకపోతే కాడ కుళ్లి వాసనొస్తుంది.